నిచ్చెన తీసిన మేస్త్రి

సుంకన్నది కర్నూలు జిల్లాలో పత్తికొండ దగ్గర ఒక మెట్ట పల్లె. ఆంధ్రలో మద్యనిషేధం పెట్టిన ఏడాదే అతను పెళ్ళాం పుల్లమ్మను, చంకపిల్ల హేమలతను వెంటబెట్టుకుని బెంగళూరు రైలెక్కాడు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదనీ, ఊళ్ళో వానలు లేకనే వచ్చాననీ ఎవరడిగినా చెప్పేవాడు. వానలు లేని మాట నిజమే. కాకపోతే కాడుగోడిలో రైలు దిగిన సాయంత్రమే, నెత్తిన మూట దించకముందే, సారాయి పాకెట్లు ఎక్కడ అమ్ముతారో కనుక్కున్నాడు. నీళ్ళ కొళాయి ఎక్కడుందో మర్నాడు పుల్లమ్మ కనుక్కుంది.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేని మనిషి. సెంట్రింగు మేస్త్రి. పైకప్పు వేయాలంటే ముందు కింద కట్టెలు నిలబెట్టి, వాటి మీద రేకులు పరిచి, పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా మోసే ఏర్పాటు చేయాలి కదా, అదీ అతని పని. వైట్‌ఫీల్డు చుట్టుపక్కల అప్పుడే అద్దాల మేడలు లేస్తున్నాయి, ఆ మేడల్లో కూర్చునేవాళ్ళకు ఇళ్ళు లేస్తున్నాయి. సుంకన్న తన ఊరి చుట్టుపక్కల వాళ్ళనే పోగేసి ఒక గ్యాంగు కట్టాడు. అందులో అక్కయమ్మ అనే నడివయసు మనిషి తట్టలు మోసేది. పుల్లమ్మ కూడా పనికి వచ్చిన రోజుల్లో హేమలతకు అన్నం తినిపించేది, ముక్కు తుడిచేది అక్కయమ్మే.

స్లాబు వేసే రోజు సంగతి కాస్త చెప్పాలి, చెప్పకపోతే ఈ కథ నడవదు. పొద్దున పూజ చేసి టెంకాయ కొడతారు. సాయంత్రం పని ముగిశాక ఇంటి యజమాని కూలివాళ్ళకు రాగిముద్ద, మాంసం కూర పెడతాడు. ముద్ద కంటే ముందు సీసాలు వస్తాయి. సుంకన్న గ్యాంగులో మొదటి గ్లాసు మేస్త్రి ఎత్తాలి. నేల మీద రెండు చుక్కలు చల్లి, అతను ఒక గుక్క మింగాకే మిగతావాళ్ళు గ్లాసులు ముట్టుకుంటారు. మేస్త్రి గొంతు తడవకపోతే స్లాబు కారుతుందని వాళ్ళ నమ్మకం. ఇంజనీర్లు సిమెంటు, ఇసుక పాళ్ళ గురించి ఏమైనా చెప్పుకోనీ, వీళ్ళ లెక్క వీళ్ళది. సుంకన్నకు ఈ నమ్మకం బాగా సరిపోయింది. తాగడం అతనికి పనిలో భాగమైంది.

ఇక అతను చేసిన పని. ఇది దాచిపెట్టి చివర్లో బయటపెట్టే రహస్యం కాదు, ఇప్పుడే చెప్పేస్తాను.

పిల్లకు ఐదో ఏడు నడుస్తోంది. పుల్లమ్మ తమ్ముడు దొడ్డబళ్ళాపురంలో పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేస్తాడు. మరదలి కాన్పుకని పుల్లమ్మ అక్కడికి వెళ్తూ పిల్లను మొగుడి దగ్గర వదిలింది. మనసొప్పకుండానే వదిలింది. సుంకన్న పిల్లను స్లాబు పనికి తీసుకుపోయాడు. ఆ ఇంటికి ఇంకా మెట్లు కట్టలేదు, పైకి ఎక్కాలంటే ఒకటే నిచ్చెన. ముందువైపు పోర్టికో కప్పు మాత్రం అంతకుముందే వేసి ఆరిపోయి ఉంది. అక్కయమ్మ దాని మీద ఖాళీ సిమెంటు సంచులు పరిచి పిల్లను పడుకోబెట్టింది. మొగుడికి జ్వరమని ఆ సాయంత్రం ఆమె భోజనానికి కూడా ఆగలేదు. పోతూ పోతూ, "మేస్త్రీ, పాప పైన నిద్రపోతాండాది. దించుకోని పో," అంది. సుంకన్న "సరేలే అక్కా" అన్నాడు. మధ్యాహ్నం నుంచే పాకెట్ల మూలలు కొరుకుతున్నవాడు, సరే అనక ఏమంటాడు.

పచ్చి స్లాబు మీదికి కుక్కలూ పక్కింటి పిల్లలూ ఎక్కకుండా, పని కాగానే నిచ్చెన తీసేయడం రివాజు. అది మేస్త్రి చేయాల్సిన పని. సుంకన్న నిచ్చెన తీసి గోడవారన పడుకోబెట్టాడు, వచ్చి మొదటి గ్లాసు ఎత్తాడు. ఆ తర్వాత ఇంటికి ఎట్లా చేరాడో అతనికే తెలియదు. పిల్లను పొద్దున పాలు పోసే మనిషి చూసి దించాడు. జనవరి చలి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, పిల్లకు కొన్నాళ్ళు మాట బయటికి రాలేదు. స్లాబు మీద చిన్న పాదాల గుర్తులు పడి ఉన్నాయి. పోర్టికో దగ్గర మొదలై, నిచ్చెన ఉండాల్సిన చోట అంచుదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయాయి.

స్లాబు పాడైందని ఇంటి యజమాని కేకలేశాడు. సుంకన్న సిమెంటు పాలు కలిపి ఆ గుర్తులను తన చేత్తోనే పూడ్చాడు. అంతటితో ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. "పాపను దించాల్సింది అక్కయమ్మ. దించకుండానే ఎల్లిపాయ," అని గ్యాంగు అందరి ముందూ అనేశాడు. అక్కయమ్మ నోరు తెరిచేలోపే తిట్లు మొదలయ్యాయి. సుంకన్న తర్వాత పెద్దరికం నరేశ్ అనే కుర్రవాడిది. అందరికంటే ఎక్కువ తిట్టింది వాడే. ఆమెతో కలిసి పని చేసేది లేదని తేల్చేశారు. అక్కయమ్మ నెత్తి మీది చుట్టగుడ్డ తీసి దులిపి, భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కబురు తెలిసి పుల్లమ్మ పరుగున వచ్చింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని మొగుడు చెప్పిందంతా విన్నది. విని ఒకటే అడిగింది.

"నిచ్చెన ఎవరు తీసిరి?"

సెంట్రింగు మేస్త్రి పెళ్ళాం. నిచ్చెన ఎవరు తీస్తారో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. పుల్లమ్మ ఆ పూటే పిల్లను తీసుకుని దొడ్డబళ్ళాపురం వెళ్ళిపోయింది.

ఒంటిగా మిగిలాక సుంకన్న తాగుడుకు అడ్డూ ఆపూ లేకపోయింది. మానాలని అంతకుముందు ప్రయత్నించలేదని కాదు. ఏటా అయ్యప్ప మాల వేసేవాడు. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ చుక్క ముట్టడు, జనం స్వామీ స్వామీ అంటారు, ఎవరూ గ్లాసు చాచరు. మాల తీసిన సాయంత్రం అన్ని రోజులదీ ఒకేసారి తాగేవాడు. ఈసారి మాల వేసే కాలం రాకముందే కళ్ళు పసుపు పచ్చగా మారి ఆస్పత్రిలో పడ్డాడు.

ఆ ఆస్పత్రిలో ఎలిజబెత్ అని గుంటూరు వైపు నర్సు. తెలుగు మాట వినపడితే చాలు, కాస్త ఆగి పలకరించే మనిషి. సుంకన్న ఆమె దగ్గర ఏడ్చాడు. పెళ్ళాం పిల్లా తిరిగి రావాలని, వాళ్ళు రాకపోతే తను బతికి చేసేదేమీ లేదని చెప్పాడు.

"అన్నా, మందులు మేమిస్తాం. తాగకుండా ఉండటం మా చేతుల్లో లేదు," అంది ఎలిజబెత్. "కె.ఆర్.పురంలో మా తెలుగు చర్చి ఉంది. మంగళవారం సాయంత్రం అక్కడ తాగుడు మానినవాళ్ళు కూర్చుంటారు. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటారు. డబ్బులు అడగరు, మతం అడగరు. వెళ్ళి కూర్చో."

సుంకన్న వెళ్ళాడు. తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, పాత మద్రాసు రోడ్డు మీద బస్సు దిగి చర్చి కనుక్కున్నాడు. ముందు హాల్లో దీపాలు వెలుగుతున్నాయి. గుమ్మం దగ్గర ఒకాయన "రండి బ్రదర్" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టాడు. కంజీర వాయిస్తూ తెలుగులో పాటలు పాడారు. తర్వాత ఒక్కొక్కరే లేచి తమ బతుకు గురించి చెప్పారు. ఒకడు తాగి అప్పులపాలైన సంగతి చెప్పాడు, ఒకావిడ బిడ్డ జబ్బు సంగతి చెప్పింది. కానుకల సంచీ ఒకటి చేతులు మారుతూ వచ్చింది గాని, వేయమని ఎవరూ అడగలేదు. సుంకన్న దాన్ని పక్కవాడికి అందించాడు. నర్సమ్మ చెప్పింది చెప్పినట్టే ఉందే అనుకున్నాడు.

మళ్ళీ మంగళవారం వెళ్ళాడు, ఆ పై మంగళవారమూ వెళ్ళాడు. ఆ రోజుల్లో నిజంగానే తాగలేదు. ఒకటే వెలితి. తను వచ్చే వేళకు కొంతమంది మగవాళ్ళు పెద్ద టీ ఫ్లాస్కు పట్టుకుని చర్చి పక్క సందులోంచి వెనక్కి పోయేవారు. వాళ్ళు వంటవాళ్ళు కాబోలు, చివర్లో టీ ఇస్తారు కాబోలు అని ఎదురుచూసేవాడు. టీ ఏ వారమూ రాలేదు. వెనకాల వాళ్ళే తాగేస్తున్నారని లోపల్లోపల గొణుక్కున్నాడు.

ఒక మంగళవారం తనూ లేచి నిలబడ్డాడు. నిచ్చెన సంగతి, అక్కయమ్మ మీద వేసిన నింద, అంతా చెప్పాడు. హాల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు దిగి వచ్చి అతని తల మీద చెయ్యి పెట్టి, దేవుడు నిన్ను క్షమించాడు బ్రదర్ అన్నారు. హాలంతా "స్తోత్రం" అంది. వాళ్ళ మాటలో కపటం లేదు. సుంకన్నకు గుండె దూదిపింజ అయింది. ఇంత సుళువని తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ణి కదా అనుకున్నాడు. ఆదివారం రాగానే దొడ్డబళ్ళాపురం బస్సెక్కాడు.

పుల్లమ్మ మగ్గం దగ్గర ఉంది. చప్పుడులో మాట వినపడక ఇద్దరూ బయటికి వచ్చి నిలబడ్డారు. సుంకన్న తాగడం మానానన్నాడు. అందరి ముందూ తప్పు ఒప్పుకున్నానన్నాడు.

"దేవుడు క్షమించినాడంట," అన్నాడు.

"ఏ దేవుడు?"

"యేసు ప్రభువు."

"అక్కయమ్మను తిట్టినోళ్ళకు ఈ సంగతి తెలుసునా?"

"చర్చిలో అందరికీ చెప్పినా గదమ్మే. శానామంది ఏడ్చిరి గూడా."

"ఆ చర్చిలోవాళ్ళు అక్కయమ్మను తిట్టలేదు గదా," అంది పుల్లమ్మ. "నువ్వు అబద్ధం యాడ చెప్పినావు? ఆడ నిజం చెప్పు. అంతవరకూ ఈడికి రావాకు."

హేమలత తలుపు పక్కన నిలబడి చూస్తోంది. తండ్రి చెయ్యి చాచితే లోపలికి వెళ్ళిపోయింది. సుంకన్న చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దేవుడే ఒప్పుకున్నాక దీనికేమిటి పొగరు అని పెళ్ళాం మీద కోపం వచ్చింది. తిరుగు ప్రయాణంలో యలహంకలో బస్సు దిగి తాగాడు.

మందుల చీటీ కోసం ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఎలిజబెత్ వాసన పసిగట్టింది.

"మీటింగుకు వెళ్ళట్లేదా అన్నా?"

"పోతానే ఉండాను. ఏం లాభం లేదు నర్సమ్మా. పాటలు మాత్రం బాగుండాయి."

"పాటలా?" అంది ఎలిజబెత్. కాస్తసేపటికి సంగతి అర్థమై, నోటికి చేతి రుమాలు అడ్డం పెట్టుకుంది. నవ్వకూడదనుకుంది గాని ఆపుకోలేకపోయింది. "అన్నా, నువ్వు కూర్చుంది మా సాక్ష్యాల కూటంలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే చోట. నేను చెప్పింది అది కాదు. దాని వెనక సండే స్కూలు గది ఉంది. పక్క సందులోంచి పోవాలి."

సుంకన్నకు ఫ్లాస్కు గుర్తొచ్చింది.

ఆ గదిలో పెద్దవాళ్ళ కుర్చీలు లేవు. చిన్నపిల్లల కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు, మీసాలున్న మగవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. గోడ మీద పిల్లలు రంగులు వేసిన గొర్రెపిల్లల బొమ్మలు. కన్నడం, తమిళం, తెలుగు, ఎవరి నోటికి వచ్చింది వాళ్ళు మాట్లాడుతున్నారు. నడిపించేది మునినారాయణప్ప అని ఒక పెద్దాయన. తరతరాలుగా కె.ఆర్.పురంలోనే ఉంటున్న తెలుగువాడు, రిటైరైన బస్సు కండక్టరు. పేర్లు బయటపెట్టకూడదనేది ఆ గది నియమం. కాబట్టి అది ఆయన అసలు పేరు కాదనుకోండి.

సుంకన్న వంతు వచ్చింది. అంతకుముందు ఒకసారి చెప్పి ఉన్నాడు కనుక ఈసారి బాగా చెప్పాడు. ఎక్కడ గొంతు తగ్గించాలో, పాదాల గుర్తుల దగ్గర ఎట్లా ఆగాలో అతనికి తెలిసిపోయింది. చెప్పి, తల దించుకుని, స్తోత్రం కోసం ఎదురుచూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన టీలో బిస్కెట్టు ముంచుకున్నాడు. మునినారాయణప్ప "థాంక్స్ సుంకన్నా" అని పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు తన సంగతి మొదలుపెట్టాడు.

సుంకన్నకు ఒళ్ళు మండింది. అయ్యాక ఫ్లాస్కు దగ్గర పెద్దాయనను పట్టుకున్నాడు.

"ఏందప్పా, ఇంత చెప్తే ఒకరన్నా ఏమీ అనరే?"

"ఏమనాల?"

"తప్పో ఒప్పో, ఏదో ఒకటి."

"అది నీకు తెలీకనా? తెలిసే గదా చెప్పింది." మునినారాయణప్ప గ్లాసు నింపి ఇచ్చాడు. "టీ తాగు. ఇంటికి పోయేటప్పుడు దోవలో సారాయి అంగడి ఉండాది, ఆ పక్కకు పోవాకు. వచ్చే మంగళవారం రా. ఈడ మేము చూసుకునేది అంతే."

"మరి మిగతాది?"

"మిగతాది ఎవరికి చెప్పాల్నో వాళ్ళకు చెప్పుకో. ఈడ చెప్పింది తాలీము అనుకో."

నాటకానికి ముందు చేసే తాలీము సంగతి సుంకన్నకు తెలుసు. పాస్టరుగారి మాట కంటే ఈ మాట అతనికి చేదుగా ఉంది. అయినా మళ్ళీ మంగళవారం వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో నన్నడిగితే, బహుశా టీ కోసమే.

ఆ గదికి పోయినవాళ్ళందరూ బుద్ధిమంతులైపోతారని నేను చెప్పబోవడం లేదు. ఉగాది మర్నాడు సుంకన్న మళ్ళీ తాగాడు. సిగ్గుపడి రెండు వారాలు ముఖం చాటేశాడు. మునినారాయణప్ప కాడుగోడి దాకా వచ్చి, తిట్టకుండా, "ఈ రోజు తాగినావా?" అని మాత్రం అడిగాడు. లేదంటే, "అట్లయితే రా, పోదాం," అన్నాడు. మాల వేసుకోవచ్చా అని సుంకన్న అడిగితే, "వేసుకో, వద్దనను. తీసిన దినం మాత్రం ఈడికే రా," అన్నాడు. ఆ ఏడు మాల తీసిన సాయంత్రం సుంకన్న సండే స్కూలు గదిలో పిల్లల కుర్చీలో కూర్చున్నాడు. గ్లాసు మీద గ్లాసు టీ తాగాడు.

పనిలో ఒక చిక్కు వచ్చింది. స్లాబు పడిన రోజుల్లో కడుపునొప్పి అనో, ఊరి నుంచి ఎవరో వచ్చారనో చెప్పి, సీసాలు రాకముందే జారుకునేవాడు. మొదటి గ్లాసు నరేశ్ ఎత్తేవాడు. అంతలో ఒక ఇంటి స్లాబు వానకు కారింది. మేస్త్రి గ్లాసు ఎత్తకనే కారిందని గ్యాంగంతా నమ్మింది. కాంక్రీటు పోసిన రోజు దాన్ని ఖాళీలు లేకుండా కుదించే వైబ్రేటరు యంత్రం మధ్యలో చెడిపోయిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక పొద్దున సుంకన్న కాడుగోడి సంతకు వెళ్ళాడు. గ్యాంగులోంచి పోయాక అక్కయమ్మ అక్కడ ఆకుకూరలు అమ్ముతోంది. ఆమె గంప ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, ఆ పొద్దు నిచ్చెన తీసింది నేను. పాపను దించమని నువ్వు చెప్పినావు. నేనే మరిచిపోతిని. నీ మీద యేసినా."

అక్కయమ్మ కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చిలకరిస్తోంది. చెయ్యి ఆపలేదు.

"నాకెందుకు చెప్తాండావు? ఇది నాకు తెల్దా? తెల్వనోళ్ళకు చెప్పుపో."

"చెప్తా అక్కా. నువ్వు గూడా రా. ఈ ఆదివారం స్లాబు."

"కొత్తిమీర కావాల్నా? లేకుంటే లెయ్, బేరానికి అడ్డం," అంది అక్కయమ్మ.

ఆదివారం స్లాబు పని పొద్దుండగానే ముగిసింది. ఎండ ఇంకా గోడల మీద ఉంది. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. సుంకన్న నిచ్చెన తీయలేదు. తర్వాత తీస్తానన్నాడు. నరేశ్ గ్లాసు నింపి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఈసారి తప్పించుకునేది లేదన్నా. పోయినసారి స్లాబు ఏమాయ చూస్తివి గదా."

అందరూ గుండ్రంగా చేరారు. అప్పుడు సుంకన్నకు ఇసుక కుప్ప పక్కన నిలబడ్డ అక్కయమ్మ కనిపించింది. ఖాళీ గంప చంకలో పెట్టుకుని, ఎవరితోనో పని ఉండి వచ్చినట్టు నిలబడి ఉంది. గ్లాసులోంచి వాసన ముక్కుకు తగులుతోంది. ఒక్క గుక్క తాగితే మాట ఎంత తేలిగ్గా వస్తుందో సుంకన్నకు బాగా తెలుసు. గ్లాసును ఇటుకల మీద పెట్టాడు. ఏం చెప్పాలో ఎన్నో రోజులుగా అనుకుంటున్నా, తీరా నోటికి వచ్చింది మంగళవారాల అలవాటు మాట.

"నా పేరు సుంకన్న. నేను తాగుబోతును."

గ్యాంగు పగలబడి నవ్వింది. "అది మాకు తెలీదా అన్నా?" అన్నాడు నరేశ్.

"తెలీనిది చెప్తాండా, ఇనండి," అన్నాడు సుంకన్న. "నా బిడ్డను పైన పెట్టి నిచ్చెన తీసింది నేను. పాప పైన ఉండాది, దించుకోని పో అని అక్కయమ్మ చెప్పే పోయింది. నేను తాగి మరిచిపోయినా. నా తప్పును ఆమె మీద యేసినా. మీరంతా ఆమెను తిడతాంటే సూస్తా నిలబడినా."

ఈసారి బాగా చెప్పలేదు. గొంతు పీలగా వచ్చింది, ఎక్కడా ఆగలేదు, పాదాల గుర్తుల మాటే ఎత్తలేదు. నవ్వులు ఆగిపోయాయి. నరేశ్ అక్కయమ్మ వైపు చూసి, వెంటనే ముఖం తిప్పుకున్నాడు. ఆ రోజు ఆమెను ఏమేం అన్నాడో వాడికి గుర్తుండే ఉంటుంది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలా?" అన్నాడు నరేశ్.

"భయం."

నరేశ్ ఇటుకల మీది గ్లాసు తీసుకుని, నేల మీద రెండు చుక్కలు చల్లి, మిగతాది తనే తాగేశాడు. అంటే ఏమిటో అక్కడున్న అందరికీ అర్థమైంది. ఇక తనే మేస్త్రినని. తర్వాతి పనికి సగం గ్యాంగు నరేశ్ వెంట పోయింది, సుంకన్న దగ్గర కాస్త ముసలివాళ్ళు, తాగని ఇద్దరు మిగిలారు. అక్కయమ్మ మాత్రం వచ్చి వరసలో కూర్చుని, "నాకూ ఒక ఆకు వేయండి," అంది. ముద్ద తిన్నది, రెండోసారి కూర అడిగి వేయించుకున్నది, చెయ్యి కడుక్కుని గంప తీసుకుని వెళ్ళిపోయింది. సుంకన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. అతనికి గుండె దూదిపింజ కాలేదు. గోడ చాటుకు పోయి కూర్చున్నాడు.

అక్కయమ్మ ఆ వారంలో ఒక రోజు బేరం మానుకుని దొడ్డబళ్ళాపురం వెళ్ళింది. ఎవరూ పొమ్మనలేదు. పుల్లమ్మతో ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆమె మాటకు పొదుపరి కనుక "చెప్పినాడు" అని ఊరుకుని ఉంటుంది.

తర్వాతి ఆదివారం పుల్లమ్మ పిల్లను తీసుకుని వచ్చింది. ఇంటికి తాళం వేసి ఉంటే, అడుగుతూ అడుగుతూ కిందటి ఆదివారం స్లాబు వేసిన ఇంటికి వచ్చింది. ఆ రోజు పని లేదు, సుంకన్న ఒక్కడే ఉన్నాడు. ఆరుతున్న స్లాబు పగలకుండా పైన చుట్టూ మట్టితో చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలబెడతారు. ఆ నీళ్ళు తగ్గాయేమో చూసుకుని దిగుతున్నాడు. వీళ్ళను చూసి, దిగే మెట్టు తప్పబోయి నిచ్చెన పట్టుకున్నాడు.

"సాయంత్రం బస్సుకు పోతాము," అంది పుల్లమ్మ, కుశలమైనా అడగకముందే.

"సరే," అన్నాడు సుంకన్న.

హేమలత ఎదిగింది. రెండు జడలు వేసుకుంది. తండ్రి వైపు చూడకుండా నిచ్చెన వైపు చూసింది.

"పైన ఏముండాది?"

"నీళ్ళు. మడి మాదిరి నిలబెట్టినా."

"నేను చూస్తా."

పిల్ల చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. రెండో కాలు పెట్టలేదు. వెనక్కి తిరిగి మొదటిసారి తండ్రి ముఖంలోకి చూసింది.

"నువ్వు యాడికీ పోవు గదా?"

"పోనమ్మా," అన్నాడు సుంకన్న. రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు.

పిల్ల ఎక్కింది. పైన నీళ్ళలో నడుస్తున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి అంచు మీద నుంచి ముఖం పెట్టి కిందికి చూసింది. సుంకన్న ఉన్నాడు. ముఖం వెనక్కి పోయింది. మళ్ళీ చప్పుడు, మళ్ళీ ముఖం. అతను ఉన్నాడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పిలవాలని అతనికి నాలుక చివరిదాకా వచ్చింది. పిలిస్తే దిగమన్నట్టవుతుందని పిలవలేదు. ఎదురు అంగడివాడు టీకి రమ్మని కేకేస్తే తల అడ్డంగా ఊపాడు. ఎండ గోడ దిగి ఇసుక కుప్ప మీదికి వచ్చింది. చేతులు తిమ్మిరెక్కాయి. వదిలి విదిలించుకుంటే ఏమీ కాదు, నిచ్చెన దానంతట అదే నిలబడుతుంది. అయినా వదల్లేదు.

పైనుంచి పిల్ల కాలితో చిమ్మిన నీళ్ళు అతని ముఖం మీద పడ్డాయి. పిల్ల నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో.

పుల్లమ్మ ఇసుక మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. దొడ్డబళ్ళాపురం బస్సుకు వేళవుతోందని ఆమెకు తెలుసు, సుంకన్నకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. బస్సు వేళ దాటిపోయాక పుల్లమ్మ లేచి, చీరకు అంటిన ఇసుక దులుపుకుని వచ్చి, నిచ్చెనకు రెండో పక్క పట్టుకుని నిలబడింది.